పది వేళ్లున్న నేరం

రెండు చేతులకీ కలిపి పది వేళ్లున్నాయన్న నేరానికి ఒక మనిషిని మేస్త్రి కానివ్వలేదు. ఆమె కూడా నోరెత్తలేదు. వేళ్లు తనవి, తప్పూ తనదేనేమో అన్నట్టు చాలా ఏళ్లు ఊరుకుంది.

లారీలు తిరిగే రోడ్డు పక్కన ఒక తలుపుల షెడ్డు. పైన రేకులు, కింద రంపపు పొట్టు, మధ్యలో బల్లలు. లోపల మిషన్లు మోగుతుంటే బయటి హారన్ వినపడదు, బయట హారన్ మోగితే లోపలి తిట్టు వినపడదు. అందుకని అక్కడ పనిచేసేవాళ్లంతా గట్టిగానే మాట్లాడతారు, ఇళ్లకెళ్లాక కూడా. ఆ షెడ్డులో కరెంటు రంపం వేలు కోస్తే దాన్ని గాయం అనరు, ముద్దు అంటారు. రంపం ముద్దు పెట్టనివాడు మేస్త్రి కాడు అన్నది అక్కడి శాసనం. ఎవరు పెట్టారో తెలీదు గానీ ఎవరూ మీరింది లేదు. అప్పటి మేస్త్రికి ఎనిమిది వేళ్లు. ఆయన తర్వాత నేనే అని అందరికీ చెప్పుకు తిరిగేవాడికి ఎడమ చిటికెన వేలు సగమే ఉంది. వాడి అసలు పేరు షెడ్డులో ఎవరికీ గుర్తులేదు. తొమ్మిదిన్నర అంటే పలుకుతాడు.

మన మనిషిని పదివేళ్లమ్మ అనేవాళ్లు. వినడానికి దేవత పేరులా ఉంటుంది గానీ అది శుద్ధ వెక్కిరింత.

మేస్త్రి ఆమెకి సొంత బాబాయి. పెళ్లికి ముందు పొట్టు ఊడవడానికని ఆయన వెంట వచ్చింది. పొట్టు ఊడ్చిన చెయ్యి చిత్రిక పట్టింది, చిత్రిక పట్టిన చెయ్యి ఉలి అందుకుంది, ఆ తర్వాత రంపం. ఆమె బిగించిన తలుపు వానల్లో కూడా ఉబ్బి మొరాయించదు. షెడ్డు దాటే ప్రతి తలుపు పై అంచు మీద మేస్త్రి సుద్దతో తన గుర్తు గీస్తాడు. సగం తలుపులు ఆమె చేసినవి, గుర్తు మాత్రం బాబాయిది. "తలుపు తెరుచుకుంటే చాల్లే, పై అంచు ఎవరు ఎక్కి చూస్తారు" అనేది అడిగినవాళ్లతో. అడిగినవాళ్లు కూడా పెద్దగా లేరనుకోండి.

ఇక్కడ పుల్ల సంగతి చెప్పాలి. చేతిలో పట్టుకుని కోసే కరెంటు రంపానికి కింద ఒక రేకు మూత ఉంటుంది. గార్డు అంటారు. రంపం చెక్కలోకి దిగుతుంటే అది తనే పక్కకి తప్పుకుంటుంది. కోత అయిపోగానే స్ప్రింగు దాన్ని లాగి బ్లేడుని మళ్లీ కప్పేస్తుంది. మనిషి మర్చిపోయినా అది మర్చిపోదు, దాని పనే అది. ఆ షెడ్డులో గార్డు కదలకుండా సందులో ఒక చెక్క పుల్ల దోపి, బ్లేడుని ఎప్పుడూ తెరిచే ఉంచేవారు. కొత్త రంపం వచ్చిందంటే ముందు పుల్ల, తర్వాతే కరెంటు. ఆ పుల్లని మేస్త్రి స్వయంగా చెక్కి, దోపి, ఒక్క దెబ్బ కొట్టి బిగించేవాడు. ఎందుకయ్యా అంటే, గార్డు అడ్డం, గీత కనపడదు, పని సాగదు.

పుల్ల లేని రంపం షెడ్డు మొత్తానికి ఒక్కటే, పదివేళ్లమ్మది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెదొక దారి.

"అక్కా, నీ రంపానికి సిగ్గెక్కువ. ఎప్పుడు చూడు ముసుగే" అనేవాడు తొమ్మిదిన్నర.

"నీ రంపానికి సిగ్గు లేదుగా తమ్ముడూ. అందుకే చెయ్యి పట్టుకుని వదల్లేదు."

ఆమె కోత మొదలుపెట్టే తీరు చూడటం వాళ్లకొక వినోదం. ముందు చొక్కా చేతులు మడుస్తుంది, జడ ముడేసి చొక్కాలోకి తోసేస్తుంది, కళ్లద్దాలు పెట్టుకుంటుంది. చెక్కని అటూ ఇటూ తిప్పి అరచేత్తో తడుముతుంది, ఎక్కడైనా పాత మేకు దాక్కుందేమోనని. దాన్ని బల్లకి బిగిస్తుంది, తెగిన ముక్క దానంతటది కిందపడేలా. ఆ ముక్కకి పడే దారి లేకపోతే చెక్క రెండు వైపుల నించీ బ్లేడుని నొక్కేస్తుంది. అప్పుడు రంపం గాడిదలా వెనక్కి తన్నుతుంది. అందుకే ఆమె రంపానికి సరిగ్గా వెనక ఎప్పుడూ నిలబడదు, ఒక పక్కకి ఉంటుంది. బ్లేడు చెక్క కింద కందిగింజంత కనపడితే చాలంటుంది, అంతకన్నా కిందకి దింపదు. వైరు భుజం మీంచి వెనక్కి వేసుకుంటుంది. బ్లేడు మార్చాలంటే స్విచ్చి ఆపితే సరిపోదు, ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గు తన కళ్ల ముందు పెట్టుకుంటుంది.

"ఇంత సింగారం పెళ్లినాడు చేసుకుందా ఈవిడ" అని ఒకరు. "దానికి భయం" అని ఇంకొకరు. వాళ్లలో ఎవరికన్నా ఆమె తలుపు ఆలస్యంగా అయిందేమీ లేదు. అది మాత్రం ఎవరూ అనరు.

ఇంతలో బాబాయికి చూపు మందగించింది. ఒక గీత రెండుగా కనపడుతోంది, ఏది అసలుదో తెలీక రెంటికీ మధ్యలో కోస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కొత్తగా కడుతున్న ఆసుపత్రికి తలుపుల పని వచ్చింది. తర్వాతి మేస్త్రి ఎవరో నువ్వే తేల్చు, నేను మధ్యలో వేలు పెట్టను అన్నాడు ఓనరు. ఆ షెడ్డులో ఆ మాట ఎలా వినపడుతుందో ఆయనకి తట్టినట్టు లేదు.

పదివేళ్లమ్మ మొదటిసారి అడిగింది.

"బాబాయ్, నాకివ్వు."

ఆయన నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, చిన్నపిల్ల చందమామనడిగితే నవ్వే నవ్వు. "నీ పనికి వంక పెట్టనే. కానీ నీ చేతులు చూసుకున్నావా? లెక్కల టీచరు చేతుల్లా ఉన్నాయి. రేపు వాళ్లు మాట వినాలంటే ఏం చూపిస్తావ్?"

"తలుపు చూపిస్తా."

"తలుపు ఎవడైనా చూపిస్తాడు."

ఆమెకి కావాల్సింది మేస్త్రి కుర్చీ కాదు. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి కూడాను. ఏ మిషను ఎలా నడవాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే హక్కు మేస్త్రిది. ఇరవయ్యేళ్లుగా రక్తం పడ్డ చోట పొట్టు చల్లి ఊడ్చింది తనే. ఇంకెవరి వేలూ పోకూడదని ఉంది ఆమెకి. అది మేస్త్రి అయితే తప్ప కుదరదు.

ఆసుపత్రి తలుపుల మొదటి లోడు పోయేలోపు తేలుస్తానన్నాడు బాబాయి. తొమ్మిదిన్నర అప్పుడే కుర్చీ పొట్టికాలు కింద పెట్టడానికి చెక్క వెతుక్కుంటున్నాడు.

ఆ వారంలోనే ఆమె రంపం మోటారు కార్బన్లు అరిగి రిపేరుకెళ్లింది. ఒక్క చెక్క పట్టీ కొయ్యాలి. తొమ్మిదిన్నర టీ తాగడానికి బయటికెళ్లాడు, వాడి రంపం మేకుకి వేలాడుతోంది. అడిగితే ఇచ్చేవాడే. తీసుకుంది. బిగించింది, పక్కకి నిలబడింది, కోసింది, అంతా ఎప్పట్లాగే. మీట మీంచి వేలు తీసి రంపాన్ని బల్ల మీద పెట్టింది, అదీ ఎప్పట్లాగే.

అక్కడే దెబ్బతింది. తన రంపమైతే ఆపాటికి గార్డు మూసుకుని ఉండేది. ఇది పుల్ల పెట్టిన రంపం, బ్లేడు ఇంకా తిరుగుతోంది. తొమ్మిదిన్నర ఈ తప్పు చస్తే చెయ్యడు. వాడు కోత అయ్యాక రంపాన్ని చంటిబిడ్డలా గాల్లో ఎత్తి పట్టుకుని, బ్లేడు ఆగాక మేకుకి తగిలిస్తాడు. పుల్లతో బతికేవాళ్లకి అబ్బిన అలవాటది. గార్డుని నమ్ముకున్న మనిషికి అది అలవాటు కాలేదు. బ్లేడు పళ్లు బల్లని పట్టుకున్నాయి. రంపం పీతలా అడ్డంగా పరుగు తీసింది, బల్ల అంచు మీదున్న ఆమె ఎడమ చేతి వైపు.

చెయ్యి లాక్కుంది గానీ చూపుడు వేలు పక్కన గీసుకుపోయింది. బాగానే తెగింది. ఆమె ముందు కుడిచేత్తో ప్లగ్గు పీకింది, తర్వాతే వేలు గుడ్డతో అదిమింది. తొమ్మిదిన్నర టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యో అక్కా, చూడనీ." చూశాడు. మొహం పాలిపోయింది. తర్వాత మెల్లగా వెలిగింది. "ఒరేయ్, అక్కకి ముద్దు పడిందిరా."

అంతే. మిషన్లు ఆగిపోయాయి. అందరూ మూగారు, చప్పట్లు కొట్టారు, భుజం తట్టారు, ఒకడు ఆ టీ గ్లాసు ఆమె చేతికే ఇచ్చాడు. వేలు తెగిన మనిషికి అన్ని అభినందనలు ఇంకే షెడ్డులోనూ దొరకవు. చప్పట్లు కొడుతున్న బాబాయి కళ్లల్లో ఏదో గర్వం. ఆసుపత్రికి తీసుకెళ్లాలన్న ఊసు అన్నిటికన్నా ఆఖర్న వచ్చింది, ఎత్తింది ఓనరు, అదీ బండి తాళం వెతుక్కుంటూ.

ఆమె భర్త దర్జీ. కింద కొట్టు, పైన ఒక గది, వంటిల్లు. సాయంత్రం ఆమె మెట్లెక్కి వస్తుంటే కొట్టులోంచి వెనకే పైకి వచ్చాడు, కట్టు పక్కకి జరిపి, కుట్లు చూశాడు. చూసి జోకు వేశాడు, ఆయన భయపడినప్పుడు చేసే పని అదే.

"ఎవరు కుట్టింది? వంకర. నా దగ్గరైతే ఇలాంటివాణ్ణి గుండీలు కుట్టడానికి కూడా పెట్టుకోను."

"మీ మిషన్ సూదికి మనిషి తోలు తెగదులెండి."

"ఇంకేంటి మరి, మేస్త్రివేనా?"

"అంటున్నారు."

"సంతోషమేనా?"

ఆమె కట్టు సర్దుకుంది. అన్నం ఆయనే కలిపి పెట్టాడు.

మర్నాడు షెడ్డుకెళ్లేసరికి కుర్చీ తుడిచి ఉంది, పొట్టికాలు కింద చెక్క కూడా పెట్టి ఉంది. పెట్టింది తొమ్మిదిన్నరే, వాడు మనసులో ఏదీ దాచుకోడు. బాబాయి గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ్టి నించి నా కూతురే మేస్త్రి. ఇక ఎవడికీ అభ్యంతరం ఉండదు."

"నిన్న పొద్దున అభ్యంతరం ఉండింది కదా బాబాయ్" అంది ఆమె. "రాత్రికి రాత్రి నాకు కొత్తగా ఏం పని వచ్చింది?"

"పని కాదే, అనుభవం."

"ఏంటా అనుభవం? వేరేవాళ్ల పుల్లకి నా వేలు తెగింది. వేళ్లు నిన్నా పదే, ఇవాళా పదే, లెక్కపెట్టు."

ఇక్కడ కాసేపు పెద్ద చర్చే నడిచింది. కుట్లు పడితే ముద్దు కిందకి వస్తుందా, లేక కణుపు పోతేనే వస్తుందా? తొమ్మిదిన్నర న్యాయంగా మాట్లాడాడు. "కుట్లని పావు వేలుగా లెక్కేద్దాం. తొమ్మిదీ ముప్పావు. చెల్లుతుంది." ఇంకొకడు గోరు పోయినా చెల్లుతుందా అని మొదలుపెట్టాడు, వాడికి పోయింది గోరే.

పదివేళ్లమ్మ నవ్వకుండా విన్నది. "ఈ వేలు చూపించి నేను కుర్చీ ఎక్కితే, రేపు ఇంకొకడు ఎక్కడానికి ఏం చూపించాలి? వాడి వేలే కదా. అలాగైతే నాకొద్దు."

"వద్దంటే వీడికి పోతుంది" అన్నాడు బాబాయి.

"పోనీ."

ఆ మాట అనడం తేలిక కాదు. ఆమెకి ఆ కుర్చీ ఎంత కావాలో ఆమెకే తెలుసు. కట్టుతో మిషను పట్టకూడదు కాబట్టి, తన బల్ల దగ్గరికెళ్లి కూర్చుని ఆసుపత్రి తలుపులకి పెన్సిలుతో గీతలు గీయడం మొదలుపెట్టింది. షెడ్డులో మిషన్లు తిరిగాయి. ఖాళీ కుర్చీలో తొమ్మిదిన్నర కూడా కూర్చోలేదు, బహుశా ఏం చెయ్యాలో తోచక.

మధ్యాహ్నం అందరూ తినడానికి కూర్చున్నప్పుడు బాబాయి ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. ఎవరికీ చెప్పని మాట చెప్పాడు.

"నా రెండు వేళ్లూ ఒకేసారి పోయాయే. ఏడుపొచ్చింది. అప్పటి మేస్త్రి నా వీపు తట్టి, మగాడివిరా, మేస్త్రివైపోయావ్ అన్నాడు. చుట్టూ అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొడుతుంటే ఎలా ఏడుస్తాం? మానేశా. అప్పుడు మానేసింది ఇప్పటిదాకా ఏడవలేదు."

"నిన్న నాకూ కొట్టారు బాబాయ్. నువ్వూ కొట్టావ్."

ఆయన తన ఎనిమిది వేళ్లకేసి చూసుకున్నాడు. "కొట్టాను" అన్నాడు. "ఏం చెయ్యమంటావ్?"

"పుల్ల తియ్యి."

బాబాయి వెళ్లి తొమ్మిదిన్నర వాడే రంపం తెచ్చి, ప్లగ్గు పీకి ఉందని రెండుసార్లు చూసుకుని, పుల్ల పట్టుకుని లాగాడు. రాలేదు. ఏళ్ల తరబడి బిగుసుకుపోయింది. ఉలి పెట్టి పీకితే ముక్కలై వచ్చింది. పుల్ల వచ్చింది గానీ గార్డు కదల్లేదు. లోపలంతా చెక్క జిగురు, పొట్టు కలిసి గట్టిపడిపోయి ఉంది.

"చూశావా" అన్నాడు తొమ్మిదిన్నర, అన్నం చేత్తోనే వచ్చి. "అందుకేగా పుల్ల పెట్టింది. గార్డు పట్టేస్తుంది."

"పట్టేస్తే తుడవాలి తమ్ముడూ. చెవిలో గులిమి పట్టిందని చెవి కోసుకుంటావా?"

పాత బ్రష్షు, కాస్త కిరసనాయిలు. ఆమె ఒక చేత్తో చూపిస్తుంటే బాబాయి ఎనిమిది వేళ్లతో తోమాడు. నల్లటి మురికి కారింది. గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, గార్డుని వెనక్కి లాగి వదిలితే టక్కున మూసుకుంది, కనురెప్పలా. ఆయన మళ్లీ లాగి వదిలాడు. ఇంకోసారి. చుట్టూ చేరినవాళ్లు కూడా తలా ఒకసారి లాగి చూశారు. షెడ్డు మొత్తం అన్నేళ్లుగా అడ్డం అడ్డం అని తిట్టింది గార్డుని కాదు, దాని మీది మురికిని.

తొమ్మిదిన్నర ఇంకా ఒప్పుకోలేదు. "సన్న పట్టీ కొయ్యాలంటే? మొదట్లోనే తగులుకుంటుందిగా."

"దానికే గార్డుకి ఈ చిన్న పిడి ఇచ్చారు. చేత్తో ఎత్తు, కోత మొదలవ్వగానే వదిలెయ్, రెండో చెయ్యి మళ్లీ రంపం మీదకి రావాలి. కోసి చూడు."

వాడు కోశాడు. ముక్క కిందపడింది. అలవాటుకొద్దీ రంపాన్ని గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు, గార్డు అప్పటికే మూసుకుపోయినా. అందరూ నవ్వారు. పదివేళ్లమ్మ నవ్వలేదు.

"నవ్వకండి. అది వీడి దగ్గర నేను నేర్చుకోవాల్సింది. గార్డున్నా సరే, బ్లేడు ఆగేదాకా ఎవరూ కింద పెట్టద్దు. నేను పెట్టబట్టే ఇది" అని కట్టు చూపించింది.

ఆ మాట అయ్యాక బాబాయి ఓనరు గదిలోకెళ్లి వచ్చాడు. వచ్చి, వేళ్ల ప్రసక్తి లేకుండా, "తలుపులు బాగా చేస్తుంది, మనుషుల్ని చూసుకుంటుంది, అందుకని ఇస్తున్నా" అన్నాడు. అంత చిన్న ముక్క అనడానికి ఆయనకి అన్నేళ్లు పట్టింది. ఈసారి ఆమె వద్దనలేదు. ఆ సాయంత్రంలోగా రంపాలన్నిటి పుల్లలూ ఊడాయి, గార్డులన్నీ తోమించింది. కాలం చెల్లి స్ప్రింగు విరిగిన రంపాన్ని పక్కన పడేయించింది. కొత్తది కొనే విషయంలో ఓనరు గొణిగాడు. గొణగనీ, అది ఓనర్లు చేసే పనే.

అంతా చక్కబడిపోయిందని చెప్పను. గార్డు గొడవ పడలేనని ఒకాయన రోడ్డవతలి షెడ్డుకి వెళ్లిపోయాడు. ఆమె లేని రోజు ఇప్పటికీ ఒకరిద్దరు పుల్ల దోపుతారు, ఆమె గొంతు వినపడగానే పీకేస్తారు. అది ఆమెకి తెలుసని వాళ్లకీ తెలుసు. కానీ ముద్దు అన్న మాట ఆ షెడ్డులో ఇప్పుడు ఎవరూ అనరు. వేలు తెగితే తెగిందంటారు, ముందు ప్లగ్గు పీకుతారు, ఆ తర్వాత ఆసుపత్రి. ఆసుపత్రి తలుపుల మొదటి లోడు వెళ్లింది, రెండోదీ వెళ్లింది. వాటిని చేసిన చేతులన్నీ ఎలా మొదలుపెట్టాయో అలాగే ఇంటికెళ్లాయి. ఇలాంటి విశేషం ఎవరూ రాయరు, జరగని ప్రమాదానికి ఫొటో ఉండదు కదా.

రోడ్డవతలి షెడ్డులో మాత్రం పుల్లలు అలాగే ఉన్నాయి. అలాంటి షెడ్డు మీ వీధి చివరా ఉంటుంది. మీరు కూర్చున్న కుర్చీ, మీరు మూసి వచ్చిన తలుపు అలాంటి చోటే తయారై ఉంటాయి. కాబట్టి ఈసారి తలుపో బల్లో చేయించడానికి వెళ్లినప్పుడు చెక్క రకం అడిగినట్టే రంపం చూపించమనండి. ప్లగ్గు పీకించి, గార్డు లాగి వదిలి చూపించమనండి. అది తనంతట తాను మూసుకోకపోతే, మూసుకున్నాకే పని ఇస్తానని ఓనరుతో చెప్పండి. పనివాడితో కాదు, ఓనరుతో. మీ ఇంటికే వడ్రంగి వస్తే ఆయనకి కదలని బల్ల ఒకటి ఇవ్వండి. బ్లేడు తిరుగుతున్నప్పుడు పిలవకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, సాయంత్రానికల్లా అయిపోవాలని తొందరపెట్టకండి. షెడ్డు మీదే అయితే ఇదంతా చెప్పించుకోకండి, రేపు పొద్దున పని మొదలయ్యే ముందు రంపాలన్నీ ఒక్కొక్కటే మీరే చూడండి.